మొదటి కంటైనర్ మిర్చి: ఎఫ్‌ఓబీ చెప్పాలా, సీఐఎఫ్ చెప్పాలా?

మీరు గుంటూరు నుంచి తొడిమ తీసిన తేజ మిర్చి మొదటిసారి మలేసియాకు పంపబోతున్నారు. బయ్యర్ "సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్, ఎల్‌సీ ఎట్ సైట్" అన్నాడు. అంటే మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవు దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన రేటు కావాలి, డబ్బు బ్యాంకు హామీ మీద ఇస్తానని. చెన్నై ఫార్వర్డర్ (ఓడలో చోటు ఇప్పించేవాడు) పంపిన కొటేషన్‌లో సగం మాటలు అర్థం కాలేదని, బయ్యర్‌కి ఎఫ్‌ఓబీ రేటు (ఇక్కడ ఓడ ఎక్కించేదాకా మాత్రమే లెక్కేసినది) ఇవ్వాలో సీఐఎఫ్ రేటు ఇవ్వాలో తేలడం లేదని రాశారు.

నేను చెన్నైలో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో కాగితాలు చూసే గుమాస్తాగా మొదలుపెట్టాను. తర్వాత సొంతంగా మిర్చి, పసుపు పంపడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. మీరు అడిగిన మాటలకు అర్థాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ మాట దగ్గర డబ్బు పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఈ వ్యాపారంలో ఏ మాట ఎదురైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ నిమిషంలో సరుకు పాడైతే నష్టం ఎవరిది? సరుకు మీద హక్కునిచ్చే కాగితం ఎవరి చేతిలో ఉంది?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవే ఇన్‌కోటర్మ్స్. పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ 1936లో వీటిని మొదటిసారి తయారుచేసింది. ఇప్పుడు నడుస్తున్నది 2020 కూర్పు, అందులో 11 మాటలున్నాయి. మీకు అన్నీ అక్కర్లేదు, నాలుగైదు బాగా తెలిస్తే చాలు.

ఎఫ్‌ఓబీ చెన్నై అంటే చెన్నై రేవులో సరుకు ఓడ మీదికి ఎక్కేదాకా ఖర్చూ మీదే, నష్టమూ మీదే. ఎక్కిన క్షణం నుంచి రెండూ బయ్యర్‌వి. ఓడను చూసుకునేది, ఓడ కిరాయి కట్టేది అతనే. సీఎఫ్ఆర్ అంటే అవతలి రేవు దాకా ఓడ కిరాయి మీరు కడతారు. సీఐఎఫ్ అంటే దానికి తోడు ఇన్సూరెన్స్ కూడా మీరే చేయిస్తారు. మనవాళ్లు ఇప్పటికీ "సీ అండ్ ఎఫ్" అంటుంటారు. అది పాత పేరు, కాగితం మీద మాత్రం సీఎఫ్ఆర్ అనే రాయండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్ అన్నాం కాబట్టి పోర్ట్ క్లాంగ్ చేరేదాకా సరుకు బాధ్యత మనదే అనుకుంటారు. కాదు. ఖర్చు పోర్ట్ క్లాంగ్ దాకా మీదే, కానీ నష్టం బాధ్యత ఎఫ్‌ఓబీలో లాగే చెన్నైలో ఓడ ఎక్కగానే బయ్యర్‌కి మారిపోతుంది. నడిసముద్రంలో కంటైనర్‌లోకి నీళ్లు వస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసుకోవాల్సింది అతనే. "సరుకు తడిసింది, డబ్బు తగ్గించుకుంటాను" అని అతను మీకు ఫోన్ చేస్తే ఈ ఒక్క సంగతి తెలిసి ఉండటం వల్ల మీ గొంతు గట్టిగా ఉంటుంది. అయితే మిర్చిలో తేమ ముందే ఎక్కువగా ఉండి బూజు పట్టిందనుకోండి, అది మీ తప్పే. అప్పుడు ఇన్‌కోటర్మ్ అడ్డురాదు.

ఇన్సూరెన్స్ విషయంలో ఇంకో మెలిక ఉంది. సీఐఎఫ్ ప్రకారం మీరు చేయించాల్సింది కనీస రక్షణ మాత్రమే. దాన్ని క్లాజ్ సీ అంటారు. ఓడ మునగడం, తగలబడటం, ఢీకొనడం వంటి పెద్ద ప్రమాదాలే అందులోకి వస్తాయి. మిర్చి తడవడం, దొంగతనం లాంటివి రావు. క్లాజ్ ఏ అయితే దాదాపు అన్నీ వస్తాయి. ప్రీమియంలో తేడా తక్కువే కాబట్టి మిర్చికి ఎప్పుడూ క్లాజ్ ఏ తీసుకోమంటాను. పాలసీ మొత్తం ఇన్వాయిస్ విలువకు 110 శాతం ఉండాలి. సరుకు విలువ 20 లక్షలైతే 22 లక్షలకు అన్నమాట. 2025 మే నెలలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటైనర్లతో మునిగిపోయింది. అలాంటి వార్త చదివిన వారం రోజులూ అందరూ ఇన్సూరెన్స్ గురించి అడుగుతారు, తర్వాత మర్చిపోతారు.

కంటైనర్ సరుకుకు నిజానికి ఎఫ్‌ఓబీ సరిగ్గా అతకదు. మీరు కంటైనర్‌ని టెర్మినల్‌లో అప్పగించేది ఓడ రావడానికి మూడు నాలుగు రోజుల ముందు. ఆ రోజుల్లో అది మీ కళ్లెదుట ఉండదు, మీ చేతిలోనూ ఉండదు, కానీ బాధ్యత మాత్రం మీదే. అందుకే ఎఫ్‌సీఏ అనే మాట ఉంది. రవాణా సంస్థకు అప్పగించిన చోటే మీ బాధ్యత తీరిపోతుంది. 2020 కూర్పులో ఎఫ్‌సీఏ మీద అమ్మినా ఓడ ఎక్కినట్టు రాసిన బిల్ ఆఫ్ లేడింగ్ (షిప్పింగ్ లైన్ ఇచ్చే సరుకు రసీదు) అమ్మకందారుకి ఇప్పించే వీలు కూడా పెట్టారు, ఎల్‌సీ ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. అయినా మిర్చి యార్డు చుట్టుపక్కల ఎవరిని అడిగినా ఎఫ్‌ఓబీ అనే అంటారు, ఆ అలవాటు పోవడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.

ఎక్స్‌వర్క్స్ అంటే మీ గోడౌన్ దగ్గరే అప్పగించడం. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ దాని ప్రకారం మన దేశంలో ఎగుమతి క్లియరెన్స్ బయ్యరే చేసుకోవాలి, విదేశీ బయ్యర్‌కి అది కుదరని పని. చివరికి మీ ఐఈసీ (ఎగుమతి దిగుమతుల కోడ్) మీదే షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం, వేస్తారు. ఇక డీడీపీ అంటే అవతలి దేశంలో సుంకాలు కూడా మీరే కట్టి గుమ్మం దాకా చేర్చడం. మొదటి కంటైనర్‌కి దాని జోలికి వెళ్లకండి.

ఒక చిన్న జాగ్రత్త. ఏ మాట రాసినా పక్కన ఊరి పేరు, ఆ తర్వాత "ఇన్‌కోటర్మ్స్ 2020" అని ఉండాలి. ఉత్త "ఎఫ్‌ఓబీ" అని రాస్తే చెన్నై అనుకుని మీరు, వైజాగ్ అనుకుని అతను లెక్క వేసుకోవచ్చు. గుంటూరు నుంచి ఆ రెండు ఊళ్లకు లారీ కిరాయిలో తేడా మీ లాభంలోంచే పోతుంది.

ఇక కొటేషన్ సంగతి. ఫార్వర్డర్ అంటే ఓడ ఉన్నవాడు కాదు. షిప్పింగ్ లైన్ల దగ్గర చోటు కొని మనకు అమ్మేవాడు. సొంత ఓడ లేకుండా సొంత పేరుతో బిల్ ఆఫ్ లేడింగ్ ఇచ్చేవాణ్ని ఎన్‌వీఓసీసీ అంటారు. కస్టమ్స్ దగ్గర మీ తరఫున కాగితాలు వేసేవాడు కస్టమ్స్ బ్రోకర్. 2013లో పేరు మారినా రేవులో అందరూ ఇంకా సీహెచ్ఏ అనే పిలుస్తారు. ఒకే ఆఫీసు మూడు పనులూ చేయవచ్చు. ఏ పనికి ఎంత తీసుకుంటున్నారో మాత్రం విడివిడిగా రాయించుకోండి.

ఎఫ్‌సీఎల్ అంటే కంటైనర్ మొత్తం మీదే. ఎల్‌సీఎల్ అంటే నలుగురి సరుకు ఒకే కంటైనర్‌లో. మిర్చిని ఎల్‌సీఎల్‌లో పంపవద్దని నా సలహా. ఘాటు పక్క సరుకుకు పట్టిందని గొడవ వస్తుంది, పక్కవాడి కాగితాలు ఆగితే మీ సరుకూ ఆగుతుంది. ఎల్‌సీఎల్ కిరాయి లెక్క కూడా వేరు. ఒక ఘనపు మీటరు, లేదా వెయ్యి కిలోలు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. మిర్చి బరువు తూగదు, చోటు తింటుంది. 20 అడుగుల కంటైనర్‌లో సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. బరువు ప్రకారం 28 టన్నుల దాకా మోయగలదు. బియ్యం పంపేవాడికి బరువు ముందు నిండుతుంది, మనకు ఏడెనిమిది టన్నులకే తలుపు మూసుకోదు. 40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువున్న కంటైనర్)లో 76 ఘనపు మీటర్లు, అంటే రెట్టింపు కన్నా ఎక్కువ చోటు. కిరాయి మాత్రం సాధారణంగా రెట్టింపు ఉండదు. అందుకే బేళ్లను మెషిన్ మీద గట్టిగా నొక్కించి హైక్యూబ్‌లో పంపుతాం. మీ ఆర్డర్ ఎన్ని టన్నులో రాయలేదు. ముందు ఒక బేల్ కొలతలు తీసుకుని ఈ లెక్క వేయండి.

టీహెచ్‌సీ అంటే టెర్మినల్‌లో కంటైనర్‌ని దించి ఎక్కించే ఖర్చు. ఇది ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది. సీఐఎఫ్ అన్నప్పుడు అక్కడి టీహెచ్‌సీ మామూలుగా బయ్యరే కడతాడు, అయినా ప్రొఫార్మా ఇన్వాయిస్ (అమ్మకానికి ముందు బయ్యర్‌కి పంపే రేటు కాగితం)లో ఒక ముక్క రాయండి. బీఏఎఫ్ అంటే ఇంధనం ధర పెరిగినప్పుడు వేసే అదనపు ఛార్జీ. యుద్ధం, రేవుల్లో రద్దీ, ఇలా రకరకాల సర్‌ఛార్జీలు అప్పటికప్పుడు పుడుతుంటాయి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, అప్పటికే సీఐఎఫ్ రేటు ఒప్పుకున్నవాళ్లు ఆ భారం తామే మోశారు. మీది తూర్పు దారి కాబట్టి ఆ భయం తక్కువ. అయినా ఫార్వర్డర్ రేటు ఏ తేదీ దాకా నిలుస్తుందో చూసుకుని, మీ సీఐఎఫ్ రేటు గడువు అంతకన్నా ముందే ముగిసేలా పెట్టండి.

వీజీఎం అంటే సరుకుతో సహా కంటైనర్ నిజమైన బరువు. 2016 జూలై 1 నుంచి ఇది ఇవ్వకుండా ఓడ మీదికి ఎక్కించరు. నిండిన కంటైనర్‌ని వేబ్రిడ్జి మీద తూయించవచ్చు. లేదా బేళ్లు, ప్యాకింగ్, ఖాళీ కంటైనర్ బరువులు కలిపి ఇవ్వవచ్చు. కటాఫ్ అంటే కంటైనర్ టెర్మినల్ గేటు లోపలికి చేరాల్సిన ఆఖరి సమయం. అది దాటితే సరుకు తర్వాతి ఓడకు పోతుంది, ఎల్‌సీలో ఆఖరి షిప్‌మెంట్ తేదీ దగ్గర్లో ఉంటే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

ఖాళీ కంటైనర్ మీ గోడౌన్‌కి వచ్చినప్పుడు ఒక పని చేయండి. లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుని చూడండి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనబడితే దాన్ని వెనక్కి పంపండి. వాసన చూడండి, అంతకుముందు ఏ రసాయనం వచ్చిందో తెలియదు. పగలు వేడి, రాత్రి చల్లదనం వల్ల లోపలి పైకప్పుకు చెమ్మ పట్టి మిర్చి మీద చినుకులా పడుతుంది. తేమ పీల్చే సంచులు వేలాడదీసి, పైన క్రాఫ్ట్ పేపర్ పరచండి.

ఇప్పుడు రెండో ప్రశ్న, కాగితం ఎవరి చేతిలో ఉందన్నది. బిల్ ఆఫ్ లేడింగ్‌ని మనం బీఎల్ అంటాం. అది మూడు పనులు చేస్తుంది. సరుకు అందిందని రసీదు, రవాణా ఒప్పందానికి సాక్ష్యం, అన్నిటికన్నా ముఖ్యంగా సరుకు మీద హక్కుపత్రం. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. అందులో ఒక్కటి చూపించినా అవతల సరుకు ఇచ్చేస్తారు, మిగతా రెండూ చెల్లవు. కాబట్టి మూడూ కలిపి బ్యాంకుకే ఇవ్వండి, ఒకటి "నమూనాకు" అని బయ్యర్‌కి కొరియర్ చేయకండి. మన దేశంలో దీనికి 1856 నాటి చట్టమే 2025 దాకా నడిచింది, ఆ ఏడాదే దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. అందులోనూ బీఎల్ హక్కుపత్రం అన్న మూలసూత్రం మారలేదు.

కన్సైనీ (సరుకు అందుకునేవాడు) అన్న గడిలో బయ్యర్ పేరు నేరుగా రాస్తే అది స్ట్రెయిట్ బీఎల్. "టు ఆర్డర్" అని గానీ బ్యాంకు పేరు మీద ఆర్డర్ అని గానీ రాస్తే అది ఆర్డర్ బీఎల్, వెనక సంతకం చేస్తేనే చేతులు మారుతుంది. కొత్త బయ్యర్‌కి ఎప్పుడూ ఆర్డర్ బీఎలే చేయించండి. నోటిఫై పార్టీ అంటే ఓడ వచ్చిందని కబురు పంపాల్సినవాడు మాత్రమే, అతనికి హక్కేమీ ఉండదు. క్లీన్ బీఎల్ అంటే సరుకు బయటికి బాగానే కనిపించిందని, చిరిగిన బస్తాలు, తడిసిన పెట్టెలు వంటి రాతలేవీ లేవని అర్థం. ఫార్వర్డర్ ఇచ్చేది హౌస్ బీఎల్, షిప్పింగ్ లైన్ ఇచ్చేది మాస్టర్ బీఎల్. కొన్ని ఎల్‌సీలు హౌస్ బీఎల్‌ని ఒప్పుకోవు. అది ముందే చూడాలి.

టెలెక్స్ రిలీజ్, లేదా సరెండర్ అంటే ఒరిజినల్స్ ఇక్కడే లైన్‌కి తిరిగి ఇచ్చేసి, అక్కడ కాగితం లేకుండా సరుకు ఇవ్వమని చెప్పించడం. దగ్గరి దేశాలకు ఇది నిజంగా అవసరమే. బ్యాంకు నుంచి బ్యాంకుకి కాగితాలు చేరేలోపే ఓడ అవతలి రేవుకు చేరిపోతుంది. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. 2009లో మా బావమరిదితో కలిసి మొదటి కంటైనర్ కొలంబో పంపాను. 30 శాతం అడ్వాన్స్, మిగతాది కాగితాల కాపీలు చూశాక ఇస్తామన్నారు. చెన్నై నుంచి కొలంబోకి ఓడ రెండు మూడు రోజుల్లో చేరిపోయింది. ఆ బయ్యర్ రోజుకు పదిసార్లు ఫోన్ చేసి, కంటైనర్ రేవులో నిలిచిపోయి ఛార్జీలు పడుతున్నాయని, సరెండర్ చేస్తే అదే రోజు డబ్బు వేస్తానని బతిమాలాడు. డాక్యుమెంటేషన్ పని చేసిన నేనే, అన్నీ తెలిసి కూడా, నమ్మి చేసేశాను. సరుకు తీసుకున్న వారానికి "తేమ ఎక్కువ, తాలు కాయలు కలిశాయి" అని మెయిల్ వచ్చింది. అడిగి అడిగి కొంత రాబట్టాం. ఇన్వాయిస్‌లో మూడో వంతు మాత్రం ఎప్పటికీ రాలేదు. ఆ ఏడాది మా బావమరిది కోల్డ్ స్టోరేజీలో ఉన్న సొంత సరుకు అమ్మి యార్డులో బాకీలు తీర్చాడు. అప్పటి నుంచి పూర్తి డబ్బు ఖాతాలో పడితే తప్ప ఎవరికీ సరెండర్ చేయలేదు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. సీఐఎఫ్ ఇవ్వండి. ఎఫ్‌ఓబీ ఇస్తే ఓడ కిరాయి హెచ్చుతగ్గుల గొడవ ఉండదన్న మాట నిజమే. కానీ అప్పుడు ఫార్వర్డర్‌ని బయ్యర్ ఎంచుకుంటాడు. ఆ ఫార్వర్డర్ అతని మనిషి, అతని మాట వింటాడు. ఒరిజినల్ బీఎల్ లేకుండానే సరుకు వదిలేసిన సంగతులు ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. సీఐఎఫ్‌లో లైన్‌ని మీరే ఎంచుకుంటారు, ఫ్రైట్ ప్రీపెయిడ్ (కిరాయి ముందే కట్టినట్టు) అని బీఎల్ మీ పేరున వస్తుంది, ఆ కాగితం మీ అదుపులో ఉంటుంది. తెలియని బయ్యర్‌తో వ్యవహారంలో నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఎల్‌సీ అంటే బయ్యర్ తరఫున అతని బ్యాంకు ఇచ్చే హామీ. ఎట్ సైట్ అంటే కాగితాలు సరిగ్గా ఉన్నాయని తేలగానే డబ్బు. యూసాన్స్ అని ఉంటే 60 రోజులో 90 రోజులో ఆగాలి. యూసీపీ 600 అనే నియమాలు 2007 జూలై 1 నుంచి దీనికి ఆధారం. వాటి ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే, మిర్చిని కాదు. సరుకు బంగారంలా ఉన్నా కాగితంలో తేడా వస్తే డబ్బు ఆగుతుంది. ఈ తేడానే డిస్క్రిపెన్సీ అంటారు. ఎల్‌సీలో "వితౌట్ స్టెమ్" అని ఉంటే ఇన్వాయిస్‌లో "స్టెమ్‌లెస్" అని రాయకండి. ఒకటే కదా అని మీకు, నాకు తెలుసు, కానీ ఆ వంక పట్టుకోవడానికి కాచుకుని కూర్చునే బ్యాంకులు ఉంటాయి.

మిర్చివాళ్లకు ఇంకో సంగతి చాలా ముఖ్యం. తూకం వేసిన రోజుకీ కంటైనర్ నింపే రోజుకీ మిర్చి బరువు తగ్గుతుంది. ఎల్‌సీలో పరిమాణాన్ని టన్నుల్లో రాస్తే, ఎల్‌సీ మొత్తం దాటనంతవరకు 5 శాతం అటూఇటూ ఒప్పుకుంటారు. అదే ఇన్ని బస్తాలు అని లెక్కలో రాస్తే ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి టన్నుల్లో రాయమని బయ్యర్‌ని అడగండి. కాగితాలు ఇవ్వడానికి ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లోపు ఇవ్వాలి, అదీ ఎల్‌సీ గడువు దాటకుండా. బ్యాంకు చూడటానికి దాని ఐదు పని దినాలు దానికి ఉంటాయి.

మన వైపు కాగితాలు క్లుప్తంగా చెబుతాను, మీ సీహెచ్ఏ దగ్గర జాబితా ఉంటుంది. డీజీఎఫ్‌టీ (కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే శాఖ) ఇచ్చే ఐఈసీ, దాన్ని ఏటా ఏప్రిల్ జూన్ మధ్య ఆన్‌లైన్‌లో అప్‌డేట్ చేయాలి. బ్యాంకు ఏడీ కోడ్‌ని (విదేశీ మారకం చూసే మీ బ్యాంకు శాఖ నంబరు) కస్టమ్స్ దగ్గర నమోదు చేయించాలి. స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, మిర్చికి వాళ్ల ల్యాబ్ గుంటూరులోనే ఉంది. జీఎస్టీ కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం, సరుకుకు పురుగూ తెగులూ లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఆసియాన్ ఒప్పందం కింద సుంకం రాయితీకి బయ్యర్ అడిగే సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్ (సరుకు మన దేశానిదే అనే పత్రం) కూడా ఉండాలి. షిప్పింగ్ బిల్లు అంటే ఓడవాళ్ల బిల్లు అనుకుంటారు కొత్తవాళ్లు. అది కస్టమ్స్‌కి మనం వేసే ఎగుమతి పత్రం. దాని మీద లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ వచ్చాకే సరుకు ఓడ ఎక్కుతుంది. హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ సరుకును గుర్తించే నంబరు) పొడి చేయని ఎండు కాయకు 0904 21, పొడికి 0904 22.

డెమరేజ్, డిటెన్షన్ అని మీ కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నవి తేలిగ్గా తీసుకోకండి. ఉచిత రోజులు దాటాక కంటైనర్ రేవు లోపల నిలిచిపోతే డెమరేజ్, బయటికి తీసుకెళ్లి ఖాళీది తిరిగి ఇవ్వకపోతే డిటెన్షన్. టెర్మినల్ వేసే గ్రౌండ్ రెంట్ వీటికి అదనం. రోజులు గడిచేకొద్దీ రేటు పెరుగుతుంది. బయ్యర్ సరుకు విడిపించకపోతే, బీఎల్‌లో షిప్పర్‌గా మీ పేరు ఉంటుంది కాబట్టి లైన్ చివరికి మీ దగ్గరికే వస్తుంది. కొన్నాళ్లకు ఆ మొత్తం మిర్చి విలువనే మించిపోతుంది. కంటైనర్ బుక్ చేసేటప్పుడే పోర్ట్ క్లాంగ్‌లో 14 ఉచిత రోజులు ఇమ్మని లైన్‌ని అడగండి. ముందు అడిగితే చాలాసార్లు ఇస్తారు, తర్వాత అడిగితే ఇవ్వరు.

జనరల్ యావరేజ్ అని ఇన్సూరెన్స్ కాగితంలో కనబడిందన్నారు. దానికీ సగటుకీ సంబంధం లేదు. ఓడను, అందులోని సరుకును కాపాడటానికి చేసిన త్యాగాన్ని, ఖర్చును ఓడ యజమాని, సరుకు యజమానులు అందరూ తలా కొంత పంచుకోవాలన్న పాత సముద్ర న్యాయం. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఇరుక్కున్నప్పుడు దాని యజమానులు ఇదే ప్రకటించారు. సరుకు చెక్కుచెదరకపోయినా పూచీకత్తు ఇస్తే తప్ప కంటైనర్ వదలరు. ఇన్సూరెన్స్ ఉంటే ఆ పూచీ బీమా కంపెనీ ఇస్తుంది.

ఎల్‌సీ మీ బ్యాంకుకు రాకముందే బయ్యర్ దగ్గర డ్రాఫ్ట్ అడిగి తెప్పించుకోండి. అందులో సరుకు వర్ణన, పరిమాణం రాసిన తీరు, ఆఖరి షిప్‌మెంట్ తేదీ, ఎలాంటి బీఎల్ అడిగారన్నది, ఈ నాలుగూ మీ సీహెచ్ఏతో కలిసి చదవండి. మీ ఇద్దరికీ తేలని వాక్యం ఏదైనా ఉంటే పేర్లు, ఖాతా నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. యార్డులో సరుకు కొనడం మాత్రం ఆ డ్రాఫ్ట్ సరిచేయించిన తర్వాతే మొదలుపెట్టండి.